ఆరింటి పిలుపు

“దిగండి. దిగి ఇంకోసారి ఎక్కండి,” అంది డాక్టరమ్మ, బరువు మిషన్ మీది అంకెను నమ్మలేనట్టు.

తమ్ముడు దిగి మళ్లీ ఎక్కాడు. అంకె మారలేదు. ఆర్నెల్లలో తొమ్మిది కిలోలు తగ్గాడు.

“బెల్టుకి కొత్త చిల్లు కూడా పొడిచినట్టున్నారే! బీపీ దారికొచ్చింది, షుగర్ దిగింది. ఏం చేశారేంటి?”

“నడుస్తున్నానండీ. రోజూ గంట.”

“మూడేళ్లు నేను మొత్తుకుంటే కదల్లేదు కదా!” ఆమె గోడవార కూర్చున్న అన్న వైపు తిరిగింది. “మీరేనా వెంటపడింది?”

అన్న గొంతు సవరించుకున్నాడు. ఏదో అనబోయి, మానుకుని, ఒళ్లోని ఫైలు సర్దుకున్నాడు. ఇంట్లోనూ అంతే. అతనికి నీళ్ల పంపుహౌసులో ఉద్యోగం. వారమంతా మధ్యాహ్నం డ్యూటీ, ఆదివారం మాత్రం తెల్లారకముందే వెళ్లాలి. ఆ మోటార్ల హోరులో మాట్లాడడమే మర్చిపోయాడని తమ్ముడు ఆటపట్టిస్తుంటాడు.

తమ్ముడికి స్కిజోఫ్రీనియా. మాత్రలు తలలోని గొంతుల నోరు మూయించాయి గానీ, ఒళ్లు పెంచేశాయి. మంచం దిగితే ఆయాసం. గుండె డాక్టరు ఈసీజీ చూసి, “మీ నాన్న యాభై రెండుకి గుండాగి పోయాడన్నావు. నువ్వు అంతకన్నా తొందరపడుతున్నావయ్యా,” అని మొహం మీదే చెప్పాడు. ఆ రోజు అన్న ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చాడు. బతిమాలాడు, తిట్టాడు, మంచి బూట్లు కొనిచ్చాడు. అవి హాయిగా మంచం కింద పడుకున్నాయి.

ఆ తర్వాతి వారం నాన్న పిలవడం మొదలుపెట్టాడు.

సరిగ్గా పొద్దున ఆరింటికి, తలుపు మీది వెంటిలేటర్ వైపు నుంచి. “ఒరేయ్ మొద్దూ, లే! లేచి బూట్లు తొడుక్కో.” పోయి పదకొండేళ్లయిన మనిషి. అదే బొంగురు, అదే విసురు. తమ్ముడు దుప్పటి నెత్తిదాకా లాక్కున్నాడు. అయినా లేచాడు. నాన్న మాట తీసేయడం ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరివల్లా కాలేదు. అప్పట్నుంచి ఆదివారం తప్ప రోజూ ఆ పిలుపు వినిపిస్తూనే ఉంది. బతికుండగా ఆదివారం సెలవు కదా, ఆ అలవాటు పోలేదు కాబోలనుకున్నాడు.

“మరి గొంతులేమైనా వినిపిస్తున్నాయా?” డాక్టరమ్మ ఎప్పటి ప్రశ్నే అడిగింది.

ప్రతి నెలా ఆమె ఫోన్‌లో అడిగితే ఠక్కున “లేవండీ” అనేసేవాడు. ఇవాళ ఆ అబద్ధం ఆడడానికి భయమేసింది. జబ్బు మొదట్లో వినిపించిన గొంతు కూడా ఇలాగే మంచి చెబుతూ మొదలైంది. ఆర్నెల్లకి మేడ అంచుదాకా నడిపించింది. అన్న కాలరు పట్టి వెనక్కి లాగబట్టి బతికాడు. ఇప్పుడు దీనికీ ఆర్నెల్లు నిండాయి. నిన్న వంతెన మీద నడుస్తూ రెయిలింగ్ దగ్గర ఆగిపోయాడు. రేపు నాన్న దూకమంటే? కాదనగలడా?

“వినిపిస్తోందండీ. మా నాన్న. రోజూ ఆయన లేపితేనే లేస్తున్నా.”

ఆమె కలం ఆగింది. “ఎన్నాళ్లనుంచి?”

“నడక మొదలైనప్పట్నుంచి.”

“ఎందుకు దాచారు?”

“చెబితే మాత్ర పెంచుతారు. పెంచితే నాన్న వెళ్లిపోతాడు. మళ్లీ ఆ మంచం, మళ్లీ ఆ ఆయాసం.” అతను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. “నాకు బతకాలనుందండీ. కానీ ఆ గొంతంటే భయమేస్తోంది.”

“చెప్పి చాలా మంచిపని చేశారు. మాత్ర పెంచక తప్పదు. బరువు పెరిగితే పెరగనివ్వండి, గుండె సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు మాకు దక్కాలి.”

ఆమె చీటీ రాయసాగింది. తమ్ముడు తలొంచుకుని, రేపటి నుంచి ఆరు ఎలా అవుతుందా అని ఆలోచిస్తున్నాడు.

గోడవార ఫైలు జారిపడింది. కాగితాలన్నీ నేలపాలయ్యాయి. అన్న వాటిని ఏరుకోలేదు. లేచి వచ్చి, రాస్తున్న చీటీ మీద చెయ్యి పెట్టాడు.

“పెంచకండి డాక్టర్ గారూ,” అన్నాడు, తమ్ముడి వైపు చూడలేక.

“ఏమిటండీ ఇది? చెయ్యి తియ్యండి!”

“రోజూ పిలిచేది నేనేనండీ.”