దీవి మీద దావత్

"మల్లవ్వ ఎక్కిందా లేదా?" రితేశ్ మళ్లీ అడిగాడు.

"ఎక్కింది సాబ్. గా ముందల కూసున్న ముసలామెనే," అన్నాడు నారాయణ. గదికో కుటుంబం ఉండే పాత మేడ కామాటిపురా తెలుగు చాల్; దాని కమిటీకి అతనే పెద్ద.

హమ్మయ్య అనుకున్నాడు రితేశ్. లాంచీ కదిలింది. ప్రాణం పోయినా ఇల్లు వదలనని మొండికేసిన మల్లవ్వే ఎక్కిందంటే ఇక మిగతావాళ్ల సంగతి చెప్పాలా! ఆమె ముఖం చూడడం అతనికి ఇదే మొదలు. ఆమెదనే కాదు, ఎవరి ముఖమూ చూసింది లేదు. చాల్‌కి ఎప్పుడొచ్చినా ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కింది గదిలో నారాయణతోనే మాట్లాడి పోయేవాడు. పుట్టింది వర్లిలో ఇలాంటి చాల్‌లోనే. బిల్డర్ దగ్గర ఉద్యోగం రాగానే అయ్యగారికి ఆ వాసన పడకుండా పోయింది.

పథకం అతనిదే. ఒకప్పుడు షేట్లు, దొరలు మాత్రమే సేదతీరిన దీవికి ఆదివారం పూట చాల్ మొత్తాన్నీ ఊరికే తీసుకెళ్లి బిర్యానీ పెట్టడం. ఈలోగా కాంట్రాక్టర్ రాకేష్, నాకాలో, అంటే కూలీల అడ్డాలో, మేస్త్రీ ద్వారా మాట్లాడిపెట్టిన కూలీలతో వెళ్లి చాల్ చెక్కమెట్లు ఊడబీకిస్తాడు. సాయంత్రానికి ఎవరూ పైకెక్కలేరు. పని అయితే చాల్ కూల్చి కట్టే కొత్త టవర్‌లో రితేశ్‌కు ఫ్లాట్. కాకపోతే ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది.

లాంచీలో ఓ బట్టతలాయన జేబులో ఫోను డప్పుమోతతో ఒకటే మోగుతోంది. ఆయన ఎత్తడు, ఆపడు.

"ఎత్తరాదే కాకా!" విసుక్కున్నాడు రితేశ్.

"పనికి రమ్మని సతాయిస్తుండు సార్. ఇయ్యాల నాకు సుట్టి."

అందరూ ఘొల్లున నవ్వారు. నారాయణ మరీ ఎక్కువ నవ్వాడు.

దీవిలో షేట్ల పాత బంగళా పాలరాతి మెట్ల మీద నిలబడి రితేశ్ గొంతు సవరించుకున్నాడు. "మీ తాతలు ఈడికి వస్తే గిస్తే తట్టలు మోయనీకే వచ్చి ఉంటరు. మీరు దావత్‌కు వచ్చిన్రు. అదృష్టమంటే మీదే!"

"గింత పెద్ద బంగళల షేట్లు ఏం జేస్తుండిరి బిడ్డా?" ముసలామె అడిగింది.

"గాలి పీల్చుకుంటుండిరి."

"అయ్యో, గంతేనా! గాలి మా దగ్గర కూడా ఉన్నది గదా."

మళ్లీ నవ్వులు. రితేశ్‌కు ఒళ్లు మండింది. నవ్వండి, సాయంత్రం చూస్తాను మీ నవ్వులు అనుకున్నాడు కసిగా.

అందరూ పటాలు, షాండిలియర్లు చూస్తారనుకుంటే మగవాళ్లు గోడల మీద పడ్డారు. వేళ్లతో తట్టి చూస్తున్నారు.

"పాత సున్నం. సమ్మెటకు లొంగది," అన్నాడు బట్టతలాయన.

"కింద తలుపు కాడ మొదలువెడితే పడ్తది," అన్నాడు ఇంకొకడు.

ఛీ, ఎన్ని తరాలైనా వీళ్లకు కూలి బుద్ధి పోదనుకున్నాడు రితేశ్. "నారాయణా, నీ వాళ్లు ఎప్పుడు మారుతరయ్యా?"

"మాది ఒకటే గుణం సాబ్. మనోళ్లు పిలిస్తే కాదనరు. ఎంత పనున్నా ఇడిశిపెట్టి వస్తరు."

షేట్లు కూర్చున్న పొడవాటి బల్ల మీదే బిర్యానీ వడ్డించారు. రితేశ్ తనే దగ్గరుండి కొసరి కొసరి వేయించాడు. ఇంకాసేపు తింటే తనకే మేలు. అంతలో రాకేష్ ఫోన్ చేశాడు. రితేశ్ బల్లకు కొంచెం ఎడంగా జరిగాడు.

"అయిపోయిందా?"

"ఏమైతది సాబ్! చాల్ నిండ జనమే. ఎవరో మల్లవ్వంట, మెట్లకు అడ్డంగా పీటేసుకుని కూసుని నన్ను బండబూతులు తిడుతున్నది."

రితేశ్ తల తిప్పి బల్ల దగ్గర తింటున్న ముసలామెను చూశాడు. "మరి... మరి నీ కూలీలేం చేస్తున్రు?"

"ఒక్కడు రాలే. మేస్త్రీ పొద్దుగాల్నుంచి ఫోన్ ఎత్తుతలేడు. లైన్ల ఉండు సాబ్, ఇంకో ఫోన్‌తోని ఆనికి మళ్ల చేస్త."

బల్ల ఆ చివర, బట్టతలాయన జేబులో డప్పు మోగింది.