రెండో బ్రేకు

“వెనక్కి... ఇంకొంచెం వెనక్కి... స్టీరింగు తిప్పకండమ్మా,” అంటూనే డ్రైవింగు మాస్టారు చేతిలో మోగిన ఫోను వైపు చూశాడు. చూసి కొయ్యబారిపోయాడు.

కూతురు రాసింది. తండ్రికి కాదు, పిచ్చుకకి.

పిచ్చుక అంటే, పదిహేనేళ్ల అమ్మాయి. వేరే బడిలో చదువుతుంది. తన ఫోటోకి బదులు పిచ్చుక బొమ్మ పెట్టుకుంది. పిల్ల నమ్మకంగా కబుర్లు చెప్పుకునే స్నేహితురాలు. అసలు సంగతేమిటంటే, ఆ పిచ్చుక మన మాస్టారే. పిల్ల చేతికి ఫోనిచ్చిన వారానికే భయం పట్టుకుని, దాని మీద ఓ కన్నేసి ఉంచడానికి ఈ వేషం కట్టాడు. అడిగితే చెప్పదని ఆయన నమ్మకం. ఎప్పుడైనా అడిగి చూశాడా అంటే, లేదు.

“వాడెవడో సాయంత్రం లోపు ఒంటరిగా వచ్చి కలవమంటున్నాడు,” అని రాసింది పిల్ల. “వేరే ఎవరిదో ఒంటికి నా ముఖం అతికించి ఫోటో తయారుచేశాడట. రాకపోతే బడి గ్రూపులో పెడతాడట. నాకు చాలా భయంగా ఉంది.”

కారు గోడ మీదికి పోతోంది. మాస్టారు తన సీటు ముందు, నేర్పేవాళ్ల కోసమే బిగించిన రెండో బ్రేకును మెల్లగా తొక్కాడు. గోడకి జానెడు దూరంలో ఆగింది.

“చూశారా మాస్టారూ, నేనే ఆపేశాను,” అంది నేర్చుకుంటున్నావిడ పొంగిపోతూ.

“అవునమ్మా, మీరే.”

అదే ఆయన విద్య. తొక్కినట్టు పక్కవాళ్లకి తెలియనివ్వడు. తెలిస్తే వాళ్ల ధైర్యం పోతుందంటాడు. కూతురి విషయంలోనూ అంతేననుకున్నాడు, పాపం.

కారు దిగి, దూరంగా వెళ్లి భార్యకి ఫోను చేసి సంగతి చెప్పాడు. ఆవిడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది.

“ఇప్పుడే ఇంటికెళ్లండి,” అంది ఆవిడ, మిషన్ల రొదలోంచి గొంతు పెంచి. “వెళ్లి దాని పక్కన కూర్చోండి. పోలీసులకి చెబుదాం. నేనూ పర్మిషన్ అడిగి బయల్దేరతా.”

“నీకెలా తెలిసిందని అది అడిగితే ఏం చెప్పను? పిచ్చుక నేనేనని తెలిసిపోతుంది. ఇంక జన్మలో ఎవరి దగ్గరా నోరు విప్పదు.”

“తెలిస్తే తెలిసింది. ఈ దొంగాటలు వద్దని మొదటే మొత్తుకున్నాను.”

“దానంతట అదే నాకు చెప్పేలా చేస్తాను. చెప్పిన మరుక్షణం పోలీసుల దగ్గరికే పోదాం. కాస్త ఓపిక పట్టు.”

ఆవిడ ఇంకేదో అంటూండగానే పెట్టేశాడు. చెట్టంత మనిషి, పిచ్చుకై జవాబు రాశాడు. “వాడికి ఒక్క ముక్క కూడా బదులివ్వకు. బయటికి వెళ్లకు. మెసేజులు చెరపకు. మీ నాన్నకి చెప్పు.”

సలహా మంచిదే. ఎవరైనా అదే చెబుతారు.

“వెళ్లను. కానీ నాన్న ముందు నోరు పెగలదు నాకు,” అని వచ్చింది. వెంటనే ఇంకోటి: “నాన్న ఇంటికి వస్తాడంటావా?”

“వస్తాడు.”

“ఎప్పుడు?”

మాస్టారు పాఠం అక్కడితో ఆపేసి ఇంటికి పరిగెత్తాడు.

పిల్ల గది తలుపు మూసి ఉంది. బూట్లు చప్పుడయ్యేలా విడిచాడు. దగ్గాడు. టీవీ పెట్టి, కట్టేశాడు. ఆ తలుపుకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను తీశాడు.

“మీ నాన్న వచ్చాడా?”

“వచ్చాడు. హాల్లో కూర్చున్నాడు.”

“మరి వెళ్లు. ఏమీ అనడు, నా మాట విను.”

“ఆయనే తలుపు కొడతాడేమోనని చూస్తున్నా.”

అది చదివి లేచాడు. తలుపు దాకా వెళ్లాడు, కొట్టడానికి చెయ్యెత్తాడు కూడా. ఆ మాట రాయగానే కొడితే ఇన్నాళ్ల గుట్టూ బయటపడుతుంది. రేపు మళ్లీ ఏదైనా ఆపద వస్తే ఈ పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? చెయ్యి దించేశాడు. “ధైర్యం చెయ్యి. నువ్వే వెళ్లు,” అని రాసి, వచ్చి కూర్చున్నాడు.

ఈసారి జవాబు రాలేదు.

కిటికీలో వెలుగు తగ్గింది. ఆయన ఫోను వంక, తలుపు వంక మార్చి మార్చి చూస్తూనే ఉన్నాడు. అప్పుడు భార్య రొప్పుకుంటూ వచ్చింది. కాళ్ల చెప్పులైనా విప్పలేదు.

“పెట్టేశాడండీ,” అంది. “బడి గ్రూపులో... దాని టీచరు ఫోను చేసి చెప్పింది. అందరూ చూసేశారు. మీరింకా ఇక్కడే కూర్చున్నారా?”

ఇద్దరూ ఒక్కసారే తలుపు తోశారు. గడియ కూడా వేసి లేదు. పిల్ల బడి బట్టలతోనే, మంచానికి చేరబడి నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి ఉంది.

తల్లి వెళ్లి గుండెకి హత్తుకుంది. “అది నీ ఫోటో కాదే బంగారం. అందరికీ అదే చెబుదాం. పద, పోలీసుల దగ్గరికి పోదాం.”

మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డాడు. ఇంతవరకూ దాచి ఎవర్ని కాపాడాడో ఆయనకే తెలియలేదు. దుఃఖం పొంగుకొచ్చింది.

“తప్పంతా నాదే తల్లీ,” అన్నాడు. “నీతో మాట్లాడే పిచ్చుక ఉందే... అది ఎవరో కాదు. నేనే.”

పిల్ల తల్లి భుజం మీంచి తలెత్తి ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆయనకి.

“మొదటి రోజు నుంచీ తెలుసు నాన్నా. నువ్వు చదువుతావనే కదా, అదంతా రాశాను.”