సాగరపాత్రుడి పాగా

“మా తాతే లేపోతే మీ రాజుగారు ఆ తుపానులో సేపలకి మేతయిపోదురు! ఈ పాగా ఇంకొకడి నెత్తినెలా ఎడతారు బాబూ?”

తలకు చుట్టుకున్న ఎర్రపాగాను రెండు చేతులా పట్టుకుని ఢిల్లీరావు వేసిన కేకకి కోట వసారాలోని పావురాలు ఎగిరిపోయాయి. మేనేజరు సన్యాసిరావు నుదురు రుద్దుకున్నాడు. పొద్దుట్నుంచీ ఇదే గోల.

“అరవకు. కోట పైకప్పు బాగుచేయించింది మహీధర్ గారు. ఈ దసరాకి సాగరపాత్రుడు బిరుదు ఆయనకివ్వాలని రాజుగారి మనవడి ఉద్దేశం.”

పక్క కుర్చీలో ఉన్న మహీధర్ పలాస జీడిపప్పు వ్యాపారి. ఆ పాగా చుట్టి, వెండి తెడ్డు పట్టుకుని, ఊరేగింపులో పల్లకి ముందు నడవాలని ఆయన ముచ్చట.

“ఈ బాబు సంద్రం సూసినాడా అసలు?”

“ఎందుకు చూళ్లేదు? బారువ బీచిలో పకోడీలు తిన్నాను,” మహీధర్ నవ్వాడు.

“నవ్వులాట కాదు. పాగా కట్టినోడు రాజుగారి నావ తప్ప ఇంకే పడవా ఎక్కకూడదు. ఆ నావ సెదలు తినేసి ఎన్నేళ్లయినాదో! అయినా మా అయ్య ఎక్కలేదు, నాను ఎక్కలేదు. నా పెళ్లాం ఊరోళ్ల సేపలు కొని ఇచ్చాపురంలో అమ్ముతాది. అదీ మర్యాదంటే!”

“నాకు పడవతో పనేటయ్యా? కారుంది.”

“ఈ పాగా మాకు మేం దించితే ఊరికి సెడుపు. మీరెవరు దించడానికి?”

“ఇచ్చింది కోట, తీసేదీ కోటే,” సన్యాసిరావు విసుక్కున్నాడు. అంతలోనే మెత్తబడ్డాడు. “మహీధర్ గారూ, పోనీ ఇతన్నే ఉండనిద్దామా? తాతల నాటి నుంచి వస్తున్నది...”

మహీధర్ గడ్డం గోక్కున్నాడు. “సర్లెండి, నాకెందుకీ రచ్చ...”

“అదీ! జీడిపిక్కలు వొలుసుకునేవోడికి రాజుగారి పాగా ఏటి?” ఢిల్లీరావు ఎగతాళిగా అన్నాడు.

మహీధర్ దిగ్గున లేచాడు. “ఆ పాగా ఇప్పుడే, ఇక్కడే నాకిప్పించండి!”

ఇంక సన్యాసిరావు చేయగలిగింది లేకపోయింది. ఢిల్లీరావు పాగా విప్పి బల్ల మీద పెట్టాడు.

అతను తన ఊరు డొంకూరు చేరేసరికే కబురు ఊరంతా పాకింది. అరుగుల మీద జనం జాలిగా చూశారు. పాగా లేని తలతో, ఎవరి మొహమూ చూడకుండా ఇంట్లోకి నడిచాడు. అతని భార్య అప్పలమ్మ చేపల బుట్ట మూలన పెట్టి తలుపు గడియ వేసింది.

“ఏటైనాది మావా?”

“ఎర మింగేసినాడే, రేపే పడవెక్కుతాను.”