కిటికీ ఉన్న గది

"మూడు నెలలు ఆగి రండి తాతగారూ," అంది లాయర్ లోరెదానా, ముందున్న కాగితాన్ని వెనక్కి తోస్తూ. "ఇవాళ గది ఇస్తానని సంతకం పెడతారు. రేపు ఎవరో ఏదో చెప్తే కుదరదంటారు. మధ్యలో ఈమె దరఖాస్తు అటకెక్కుతుంది. ఇలాంటివి చాలా చూశాను."

కటాల్దో చేతికర్రతో నేలమీద ఒక్కటిచ్చాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి. లిఫ్టు పాడైందంటే మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎవడమ్మా నాకు చెప్పేది? ఇల్లు నాది. గది నాది. బుర్ర కూడా ఇంకా నాదే!"

పక్క కుర్చీలో నజీబ్రోల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. జార్జియా నుంచి ఇటలీలోని ఈ బారి నగరానికొచ్చి ఏడేళ్లయింది. కటాల్దోకి వండిపెడుతూ, వేళకి మందులిస్తూ ఆయనింట్లోనే ఉంటోంది. భర్త ముర్తాజ్‌ని పిలిపించుకోవాలంటే జీతం రుజువు, పెళ్లి కాగితం, ఇద్దరికీ సరిపడా చోటుందని ఇంటి యజమాని సంతకం కావాలి. మొదటి రెండూ ఎప్పుడో సంపాదించింది. మూడోది అడగడానికే నోరు రాలేదు. మొన్న పొద్దున చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఆయనే అన్నాడు, "వెనక గది ఊరికే పడుంది. మీ ఆయన్ని రమ్మనరాదూ?" అని.

ఇప్పుడు లాయరమ్మ ఇలా అంటోంది.

"పోనీలెండి పెద్దాయనా," అంది నజీబ్రోల మెల్లగా. "ఏడేళ్లు ఆగినవాళ్లం. మూడు నెలలు ఒక లెక్కా?"

"నువ్వు నోర్ముయ్ అమ్మాయ్! ఆగడమంటే ఏమిటో నీకేం తెలుసు?" ఆయన లాయరు వైపు తిరిగాడు. "నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పెళ్లయిన ఆరు వారాలకే బెల్జియం బొగ్గు గనుల్లోకి పోయాను. రేకుల షెడ్డులో పన్నెండుమందిమి. మా ఆవిడ నున్జియాని తెచ్చుకుంటానంటే, గది చూపించమన్నారు అక్కడి ఆఫీసువాళ్లు. గది లేదన్నాను. పొమ్మన్నారు. గది సంపాదించి మళ్లీ వెళ్తే, దీనికి కిటికీ ఏదన్నారు. కిటికీ ఉన్న గది దొరికేసరికి రెండేళ్లు పట్టింది."

నజీబ్రోల తల వంచుకుని నవ్వుకుంది. ఈ నున్జియా కబుర్లు ఆమెకు కొత్త కాదు. ఆయన పొద్దున కాఫీ తాగుతూ మొదలుపెడితే రాత్రి పళ్ల సెట్టు గ్లాసులో వేసేదాకా ఆవిడ పేరే. ఆవిడ ఎప్పుడు పోయిందో ఆయన చెప్పలేదు, ఈమె అడగనూ లేదు. ఎంత అదృష్టవంతురాలో అని మాత్రం చాలాసార్లు అనుకుంది.

"గోడలకి నేనే సున్నం వేశాను," అంటున్నాడు కటాల్దో. గొంతు దిగింది. "రెండు పూతలు. బొగ్గు ఊరు కదా, తెల్లారేసరికి గోడ మసిబారేది. మళ్లీ వేసేవాణ్ణి. మా ఊరి ఆడది పిండి పిసికే చెక్క లేని ఇంట్లో కాలు పెట్టదు. అందుకని గనిలో పారేసిన దుంగ అడిగి తెచ్చుకుని, నెలరోజులు చిత్రిక పట్టి చెక్క చేశాను. అరచెయ్యి వేస్తే జారిపోయేది. కిటికీలో సబ్జా మొక్క పెట్టాను. ఆ వాసన తగిలితే మా వీధే అనుకోవాలని."

లోరెదానా కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ఆమె వచ్చేరోజు నా మెడ వెనక నల్లగా ఉందని షెడ్డులో వాళ్లంతా పట్టుకుని రుద్దారు. తోలు ఊడేలా! పదకొండుమందీ గడ్డాలు గీసుకుని, వాళ్ల పెళ్లాలే దిగుతున్నట్టు నాతోపాటు స్టేషన్‌కొచ్చారు. ఒకడు వాయించడానికి అకార్డియన్ తెచ్చాడు. వాన పడుతుంటే దాన్ని కోటు కింద చంటిపిల్లలా దాచుకున్నాడు పాపం."

ఆయన నవ్వాడు. లాయరూ నవ్వింది. నజీబ్రోలకి మాత్రం ముర్తాజ్ గుర్తొచ్చాడు. జార్జియాలో కలిసున్నప్పుడు అతను కుడివైపు తిరిగి పడుకునేవాడా, ఎడమవైపా? ఎంత ఆలోచించినా తట్టలేదు. ఒళ్లో చేతిసంచీని గట్టిగా పట్టుకుంది.

"అందుకే చెప్తున్నానమ్మా," అన్నాడు కటాల్దో. "నీ మూడు నెలలు నీ దగ్గరే పెట్టుకో. ఆ కాగితం ఇలా తే."

లోరెదానా తోసేసిన కాగితాన్ని తనే లాక్కుంది. ఇంటి నంబరు, గది కొలతలు, పడమటి గోడకున్న కిటికీ అన్నీ టకటకా కొట్టి, ప్రింటు తీసి ఆయన ముందుపెట్టింది.

"ఈ మధ్యాహ్నమే పంపించేస్తాను. సరేనా?"

కటాల్దో కళ్లజోడు సర్దుకున్నాడు. ఒక్కో అక్షరమే రాస్తూ సంతకం పెట్టాడు. నజీబ్రోల ఆయన భుజం పట్టుకుని ఏదో చెప్పబోయి, ఆయన కోటు మీద లేని దుమ్ము దులిపింది.

కాగితం ఫైలులో పెడుతూ లాయరమ్మ ముచ్చటపడి అడిగింది.

"ఇంతకీ రైలు దిగగానే ఆవిడ ఏమన్నారు తాతగారూ?"

"దిగితే కదమ్మా అనడానికి," అన్నాడు కటాల్దో కర్ర అందుకుంటూ. "వారం తర్వాత ఉత్తరం వచ్చింది, 'నువ్వు లేకుండా ఉండటం అలవాటైపోయింది, ఇక రాను' అని."