బల్లమీది పొట్లం

"ఈ అన్నం ఎవరికోసం పట్టుకెళ్ళావు?"

లేబర్ ఆఫీసు దొర ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నను దుబాసీ కాంతయ్య తెలుగులో మళ్ళీ అడిగాడు. బల్లమీద అరటాకు పొట్లం ఒకటుంది. దాన్ని పట్టుకున్న కానిస్టేబుల్ అక్కడికక్కడే మడిచి తాడు కట్టేశాడు, పైన ఎవరో లక్క ముద్ర వేశారు. ఆ తర్వాత దాన్ని విప్పి చూసినవాడు లేడు. పిడికెడు అన్నానికి అంత మర్యాద జరగడం మలాయాలోని ఆ బటాంగ్ బెర్జుంటై ఊరి చుట్టుపక్కల ఎవరూ ఎరగరు.

కూర్మమ్మ పొట్లం వైపే చూస్తూ నిలబడింది.

"నాకే బాబూ. ఆకలేస్తాదని అట్టుకెల్లినాను."

వండిన అన్నం కూలీలు కాపురముండే లైన్ల చుట్టూ వేసిన ముళ్ళకంచె దాటకూడదు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు మెతుకు అందకూడదని ఇంగ్లీషు సర్కారు పెట్టిన ఎమర్జెన్సీ చట్టం అది. కూర్మమ్మ రబ్బరు చెట్ల మధ్య అన్నంతో దొరికిపోయింది. తోటవాళ్ళు పనిలోంచి తీసేశారు. పని పోయిన కూలీకి ఇచ్చే సాయం ఇచ్చేది లేదన్నారు. లైన్లో గది కూడా ఖాళీ చెయ్యమన్నారు. ఆ గదిలో నెలలు నిండిన కూతురు చిన్నతల్లి ఉంది. అందుకే ఈ అప్పీలు.

తోట తరఫున లెక్కలు రాసే గుమాస్తా, కిరాణి షణ్ముగం లేచాడు. మనిషి సన్నం, గొంతు లావు.

"ఆకలేస్తే తినాలి కదా దొరగారూ? ఈవిడ తినలేదు. మొద్దుమీద ఆకు పరిచి, అన్నం పెట్టి, దూరంగా జరిగి నిలబడింది. కానిస్టేబుల్ కళ్ళారా చూశాడు."

మలాయి కానిస్టేబుల్ తలూపాడు. అతనికి తెలుగు ముక్క రాదు గాని, పేరు మాత్రం స్పష్టంగా విన్నాడు. పైడిరాజూ, పైడిరాజూ అని ఏడుస్తూ పిలిచిందని చెప్పాడు.

"పైడిరాజు ఎవరు?" అన్నాడు దొర.

"నా కొడుకు."

"ఎక్కడున్నాడు?"

"సింగపూరెల్లినాడు బాబూ. ఓడల కాడ పని."

అప్పజెప్పిన పాఠంలా గబగబా వచ్చిందా మాట. దొర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడేం కాదు. సాయంత్రం వరకూ తన ముందు నిలబడే అబద్ధాలు వినీ వినీ అలిసిపోయినవాడు.

"సింగపూరులో ఉన్నవాణ్ణి రబ్బరు చెట్ల మధ్య ఎందుకు పిలిచావు?"

కూర్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

షణ్ముగానికి అదే కావాలి. "దొరగారూ, ఇది జరగడానికి కొద్దిరోజుల ముందే అడవిలో కాల్చినవాళ్ళ శవాలను పోలీసు స్టేషను ముందు పెట్టి, లైన్లవాళ్ళందరికీ చూపించారు. ఇందులో మీవాడున్నాడా అంటే లేడంది. ఉన్నాడని తేలితే ఇల్లంతా ఓడెక్కించి ఇండియాకు తోలేసేవాళ్ళు. లేడంటే అర్థమేమిటి? వాడింకా అడవిలో బతికే ఉన్నాడు. ఈవిడ మేపుతోంది."

కాంతయ్యకు ఆమెమీద జాలేసింది. మలాయాలోని జార్జ్ టౌనులోనే పుట్టి పెరిగి, తెలుగు మాట విని ఎన్నాళ్ళో అయినవాడు. దుబాసీ చెయ్యకూడని పని చేశాడు. తర్జుమా చేస్తున్నట్టే మొహం పెట్టి, మలాయావాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా తన మాట తాను కలిపాడు.

"పెద్దమ్మా, ఏదో ఒకటి చెప్పేయ్ లా. కుక్కకు పెట్టానను, పైడిరాజంటే కుక్క పేరను. దొర మెత్తగానే ఉన్నాడు, ఒదిలేస్తాడు."

కూర్మమ్మ మొదటిసారి తలెత్తింది.

"కుక్కకా? ఆ మాటనకు బాబూ. నోరు పడిపోతాది."

కాంతయ్యకు ఒళ్ళు మండింది. చెయ్యందిస్తే తోసేస్తుందేమిటి ఈ ముసలిది! కడుపుతో ఉన్న కూతురు కన్నా అడవిలో కొడుకే ఎక్కువైపోయాడన్నమాట. ఇంక తన మాట కలపడం మానేశాడు.

దొర అప్పీలు కొట్టేశాడు. షణ్ముగం కాగితాలు సర్దుకుని, పోతూ పోతూ ఆమెకు వినబడేలా అన్నాడు.

"వచ్చే ఏడు మెర్డెకా, స్వతంత్రం వస్తాది లా. అప్పుడు మీ సర్కారుని అడుక్కో."

కూర్మమ్మ ఏడవలేదు, తిట్టలేదు. బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆ పొట్లం ఇప్పించు."

"గది పోయింది, పని పోయింది. ఇంకా ఆ పాచి అన్నం మీదేనా నీ ప్రాణం?" అన్నాడు కాంతయ్య.

"ఇప్పించు బాబూ. నీకు పున్నెముంటాది."

దొర చెయ్యి విసిరాడు, తీసుకుపొమ్మని. వరండాలోకి వచ్చాక ముద్ర ఊడదియ్యడం ఆమె చేతకాలేదు. కాంతయ్య విసుక్కుంటూ లాక్కుని తాడు తెంపాడు. ఆకు ఎండి పెళపెళలాడుతోంది. లోపల అన్నం ముద్ద గట్టిపడిపోయింది.

ముద్దనిండా నల్లనువ్వులు.

కాంతయ్య చెయ్యి ఆగిపోయింది. తండ్రి పోయినప్పుడు తానూ ఇలాంటి ముద్ద పెట్టినవాడే. తెలుగు మరిచిపోతున్నా అది మరిచిపోలేదు.

కూర్మమ్మ అతని చేతిలోంచి ఆకు తీసుకుంది. ఎండలోకి దిగి, ఆఫీసు పిట్టగోడమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగింది. తీగమీద కాకి ఒకటి వాలింది. ముద్దవైపు చూసింది గాని దిగలేదు. ఆమె ఎంతసేపు నిలబడినా దిగలేదు.

కూర్మమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఆ పోలీసోళ్ళ ముందర, నువ్వు నా కొడుకువి కాదన్నానని కోపమేటి నాయనా? ఒచ్చి ముట్టు, పైడిరాజూ!"