ఖాళీ పట్టీ

కుక్కల ఆసుపత్రి గుమ్మంలో దొర ఆ మంగళవారం మొండికేసింది.

దొర అంటే కుక్క. దాని నడకలో దర్జా చూసి కుట్టుపనావిడ భర్త పెట్టిన పేరు. పదో ఏడు వచ్చేసరికి దర్జా మిగిలింది గానీ వెనక ఎడమ మోకాలు చెడింది.

ఆమె గొలుసు లాగింది. మెడపట్టీ బిగిసి దొర దగ్గింది.

"మెడ పట్టుకుని లాగకండమ్మా. నొప్పి దాని కాల్లో ఉంది," అన్నారు కిటికీ పక్క కుర్చీలోంచి ఒక పెద్దాయన.

నెలరోజులుగా ప్రతి మంగళవారం ఆమె ఆయన్ని చూస్తూనే ఉంది. వెంట కుక్క ఉండదు. కుక్క ఛాతీకి కట్టే పాత తోలుపట్టీ ఒకటి ఒళ్ళో ఉంటుంది. వచ్చినవాళ్ళ పక్కకు జరిగి, వాళ్ళ కుక్క బీమా కాగితాలు అడిగి మరీ చదువుతారు.

ఇంకేముంది, ఏజెంటే అనుకుంది.

ఆ రోజు ఆమె చేతిలోనూ రెండు కాగితాలున్నాయి.

ఒకటి పాత బీమా కంపెనీ ఉత్తరం. ప్రీమియం నిరుటికి ఒకటిన్నర రెట్లయింది. ఎనిమిదేళ్ళుగా ఏటా ఇలాంటి ఉత్తరం రావడం, కింద ఒకే సంతకం ఉండటం ఆమెకు అలవాటే. ఆ సంతకం చివరి గీత పైకి లేచి, కుక్కతోకలా చుట్టుకుని ఉండేది. చూసినప్పుడల్లా ఆ తోకను కత్తెరతో కత్తిరించాలనిపించేది. ఈ ఏడు సంతకం మారింది గానీ ప్రీమియం పెరగడం మానలేదు.

రెండోది వేరే కంపెనీ ఫారం. సగం ధరే. పాతది శుక్రవారంతో ఆపేసి ఇందులో చేరదామని, దొర మోకాలి ఆపరేషన్ కొత్తవాళ్ళ డబ్బుతోనే చేయించేద్దామని భర్త ఆలోచన. ఆ తెలివికి రెండు రోజులుగా తనను తానే మెచ్చుకుంటున్నాడు.

పెద్దాయన ఫారం అందుకుని చూశారు. పాతది ఆపేశారా అని అడిగారు. ఇంకా లేదంది.

"ఆపకండి. ఈ కాలి నొప్పి ముందునుంచీ ఉంది కదా, కొత్తవాళ్ళు దీనికి పైసా ఇవ్వరు. మూడో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది."

"ఆ చిన్న అక్షరాలన్నీ మీకు కంఠతా వచ్చా?"

"ఇప్పుడు వచ్చాయి. ఇవి ఎవరూ చదవరమ్మా. రాసినవాళ్ళే రెండోసారి చదవరు. సంతకం పెట్టేవాళ్ళు అసలే చదవరు."

పాత కంపెనీకే ఫోన్ చెయ్యమన్నారు. అక్కర్లేనివి తీసేయమంటే తీసేస్తారని, అడగందే మాత్రం చెప్పరని అన్నారు.

ఆమెకు చిర్రెత్తింది.

"నేను పాతదాంట్లోనే ఉంటే మీకు కమీషన్ ఎంతొస్తుందండీ?"

గదిలో అందరికీ వినపడింది. ఎవరో నవ్వారు.

పెద్దాయన తోలుపట్టీ మడిచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆయన చొక్కాకి మూడో గుండీ లేదు. కుట్టుపని చేసే కళ్ళు, కోపంలోనూ అది చూశాయి.

గురువారం ఆమె మిషన్ ఆపి మూడో పేజీ తీసింది. ఆయన చెప్పింది అబద్ధమని తేల్చుకుందామనే తీసింది. రెండుసార్లు చదివి భర్తను పిలిచింది. అతను అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ పోయి, ముందే ఉన్న జబ్బులకు వర్తించదన్న చోట ఆగిపోయాడు.

"నేనిది చదవలేదే," అన్నాడు.

"ఎవరూ చదవరట," అంది.

పాత కంపెనీకి ఫోన్ చేసింది. ఊరెళితే కుక్కను హాస్టల్లో ఉంచే ఖర్చు తీసేయమంది. వాళ్ళు ఊరెళ్ళి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే గుర్తులేదు. కుక్క తప్పిపోతే వేసే ప్రకటన ఖర్చూ వద్దంది. దొర వీధి మలుపు దాటాలంటేనే బతిమాలాలి. ప్రతి వైద్యానికీ మొదటి కొంత తామే పెట్టుకుంటామంది. అటువైపు అమ్మాయి లెక్క కట్టి చెప్పిన మొత్తం నిరుటికన్నా కాస్తే ఎక్కువ. దొర ఆపరేషన్‌కీ ఒప్పుకున్నారు.

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు అడగలేదు మేడమ్ అంది.

మళ్ళీ మంగళవారం ఆమె సంచిలో సూది, దారం, ఆ చొక్కా రంగుకి సరిపోయే గుండీ ఒకటి వేసుకుంది. ముందు గుండీ కుట్టడమా, ముందు క్షమించమనడమా అని దారంతా తేల్చుకోలేకపోయింది.

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఊరికి ఆ చివర ఇంకో ఆసుపత్రిలో ముసలి కుక్కలు ఎక్కువట, ఇకనుంచి మంగళవారాలు ఆయన అక్కడేనని చెప్పింది రిసెప్షన్ అమ్మాయి.

"ఇంతకీ ఆయన ఏ కంపెనీ ఏజెంటమ్మా?"

"ఏజెంటేంటండీ? ఆయన కుక్కకీ ఇలాగే కాలు పోయింది. ఖరీదు పెరిగిందని పాతది ఆపేసి చౌకది తీసుకున్నారట. ఆపరేషన్‌కి వాళ్ళు రూపాయి ఇవ్వలేదు. నిరుడు చచ్చిపోయింది పాపం. ఉద్యోగం కూడా అప్పుడే మానేశారు."

ఆమె ఆ ఇంకో ఆసుపత్రి చిరునామా రాయించుకుంది.

"ఉండండి, ఇది మీ దొరకి ఇమ్మన్నారు," అంటూ ఆ అమ్మాయి సొరుగులోంచి తోలుపట్టీ తీసింది.

నూనె రాసి మెత్తబరిచిన పట్టీ. దొర ఛాతీకి కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. ఎవరూ లాగకుండానే అది లేచి, కుంటుతూనే, తన పాత దర్జాతో నాలుగడుగులు వేసింది.

బకిల్ కింద చిన్న చీటీ ఉంది. 'మెడ మీద బరువు పడదు. మోకాలు నయమయ్యాక మెల్లగా నడిపించండి.'

దాని కింద సంతకం చివర, ఎనిమిదేళ్ళుగా ఆమె కత్తిరించాలనుకున్న కుక్కతోక, పైకి లేచి చుట్టుకుని ఉంది.