మెట్లు లేని చోటు

“ఇగో అక్కా, ఈడ మెట్లు లేవు. కుర్చీ సీదా నీళ్ల దాంక పోతది,” అంటూ మహబూబ్ ఆటో ఆపాడు.

వెనక కట్టిన చక్రాల కుర్చీ దించి, రేణుకమ్మ, అతను కలిసి ఆమె భర్త ఈరన్నను అందులో కూర్చోబెట్టారు. ఎదురుగా కృష్ణా నది మీది జూరాల ప్రాజెక్టు నీళ్లు కంటికి ఆననంత దూరం పరుచుకుని ఉన్నాయి.

“అన్న కోసం ఎంత తిప్పల పడ్తున్నవక్కా! మా ఇంటామె అయితే నన్ను మంచంల పడేసి టీవీ చూసుకుంట కూసుంటుండె,” అని నవ్వి, మహబూబ్ చాయ్ తాగడానికి వెళ్లాడు.

ఆ మెప్పుకు రేణుకమ్మ తల ఎత్తలేకపోయింది.

గద్వాలలో ఈరన్న ఇంటి కోడలిగా పదకొండేళ్లు రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టింది. ఆటోలో గంట దూరం లేని కృష్ణను కూడా చూడలేదు. “ఊర్లు తిరిగే కోడండ్లు మా ఇంట్ల లేరు,” అనేది అత్త శంకరమ్మ. నిరుడు, రెండు వేల ఐదులో, ఈరన్న మిద్దె మీది నుంచి పడ్డాడు, కాళ్లు కదలకుండా అయ్యాయి. “నరాలు నలిగాయి. మెల్లగా బాగుపడొచ్చు. నీళ్లు, పచ్చదనం ఉన్నచోటికి తిప్పండి, మనసు కుంగదు,” అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి అత్తే సద్ది కట్టి పంపుతోంది. మొదట్లో నెలకోసారి వెళ్లేవారు. శ్రావణం వచ్చాక ఈరన్న, “మనసు బాగలేదమ్మా,” అని నెలకు మూడుసార్లు అంటున్నాడు.

కుర్చీని వాలులో నిలిపి, పిడి పట్టుకుని నీళ్లు చూస్తున్న రేణుకమ్మకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది.

“ఏమైందే?”

“ఒకటి చెప్త, తిట్టొద్దు.”

“చెప్పు.”

“నువ్వు పడకపోతే నేను గీ నీళ్లు చూస్తుంటినా? మహబూబ్ చెప్పిండు గదా, అచ్చంపేట అవుతల ఫర్హాబాద్ కొండ మీదికి జీపే పోతదంట అని. మొన్న దేవునికి మొక్కుకుంట, ‘మా ఆయన కాళ్లు బాగుచెయ్యి సామీ, గని జర ఆ కొండ చూసినంక’ అన్న. గింత పాపిదాన్ని నేను!”

ఈరన్న కాళ్లకు కప్పిన దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కున్నాడు.

ముఖం తిప్పుకుని ఆమె నీళ్లలోకి దిగింది. దోసిటితో కళ్లు కడుక్కుంటుంటే వెనక చక్రాల చప్పుడు. ఎప్పుడూ చక్రం కింద పెట్టే రాయి పెట్టడం మరిచిపోయింది!

“అయ్యో దేవుడా!”

ఆమె చేరేలోపే, నీళ్లకు జానెడు దూరంలో కుర్చీ ఆగింది. పిడి పట్టుకుని వెనక్కి చూసింది. తడి ఇసుకలో చక్రాల జాడల నడుమ మరో రెండు గీతలున్నాయి, మడమలతో దున్నినట్టు.

ఈరన్న తల వంచుకున్నాడు.

“శ్రావణంలనే లేసి నిలవడ్డగని, ఫర్హాబాద్ చూసొచ్చినంక అమ్మకు చెప్దాం.”